అన్న సీసాలో నీళ్లు

బస్సు ఇంకా కామారెడ్డి బస్టాండు దాటనే లేదు, అన్న తల అప్పుడే భూమేశ్ భుజం మీదికి ఒరిగింది. డయాలసిస్ అయిన రోజు లింబాద్రి ఎప్పుడూ ఇంతే. మిషను మీది నుంచి దిగాక మనిషి పిండి ఆరేసిన తువ్వాలలా అయిపోతాడు, ఎట్లాగో దవాఖాన గేటు దాకా నడుస్తాడు, ఆటో ఎక్కుతాడు, ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందంటే ఇక ఊరొచ్చేదాకా కళ్లు తెరవడు. తెరవకపోవడమే ఇవాళ మంచిదయింది. అన్న మేలుకుని ఉంటే భూమేశ్ తన మొహం దాచుకోవడానికి కిటికీ బయటికి చూడాలి, ఆ కిటికీ అన్న వైపే ఉంది. ఈ దారి అయిపోయేలోపు అతను ఒక్క సంగతి తేల్చుకోవాలి. అన్నకు తన కిడ్నీ ఇవ్వడానికి వీల్లేదని చెప్పెయ్యాలా, లేక జేబులో ఉన్న గోలీలు ఒక నెల మింగి, ఇంకో పెద్ద దవాఖానకు పోయి, తనకు ఏ రోగమూ లేదని చెప్పి ఇచ్చెయ్యాలా. ఎల్లారెడ్డి బస్టాండులో వదిన నిలబడి ఉంటుంది. దిగంగానే ఆమె అడిగేది ఆ ఒక్క మాటే.

అన్న కుడిచెయ్యి భూమేశ్ ఒళ్లో పడి ఉంది. అన్నది ఎడమచేతి వాటం, అందుకని సూదులు గుచ్చడానికి కుడిచేతి నరాలను ఆపరేషన్ చేసి కలిపారు. మోచేతి కింద చర్మం తాడు పేనినట్టు ఉబ్బి ఉంటుంది, దాని మీద ఇవాళ్టి తెల్ల పట్టీ. వేలు ఆనిస్తే చాలు, లోపల రక్తం గుయ్యిమని పోవడం తెలుస్తుంది, అగ్గిపెట్టెలో తుమ్మెదను పట్టి పెట్టినట్టు. మొదట్లో అన్నే భూమేశ్ వేలు పట్టుకుని అక్కడ ఆనించి, ఈ చప్పుడు ఆగిందంటే నేను ఆగినట్టే తమ్మీ అని నవ్వాడు. నవ్వే మాటేనా అది. బస్సు కుదుపులకు ఆ చెయ్యి ఎక్కడ ముందు సీటు రాడ్డుకు తగులుతుందోనని భూమేశ్ తన అరచేతిని కింద పెట్టి పట్టుకున్నాడు, అరచేతిలో తుమ్మెద తిరుగుతూనే ఉంది, ఆ గుయ్యిమనే చప్పుడు మోచేతి దాకా ఎక్కి తన రక్తంలో కలుస్తున్నట్టే అనిపించింది. తన రక్తం. దాని సంగతే కదా ఇవాళ డాక్టరమ్మ చెప్పింది.

అన్న లోపల మిషను మీద ఉన్నప్పుడే పిలిచింది ఆమె. వారానికొకసారి హైదరాబాదు నుంచి వచ్చే కిడ్నీ డాక్టరు, చిన్న వయసే, మాట్లాడేటప్పుడు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంటుంది. హైదరాబాదు పోయి పెద్ద పరీక్షలు చేయించుకునే ముందు ఇక్కడే కొన్ని చూద్దామని పోయిన వారం రక్తమూ మూత్రమూ తీసుకుంది, ఒక రోజంతా చేతికి పట్టీ కట్టించి బీపీ కొలిపించింది. ఆ పట్టీ గంటగంటకూ ఉబ్బి చెయ్యి పట్టుకుంటుంటే భూమేశ్‌కి ఏ అనుమానమూ రాలేదు, క్లాసులో పిల్లలు ఏంది సార్ చేతికి అని అడిగితే వాచీ అని కూడా నవ్వించాడు. ఇవాళ ఆమె నవ్వకుండా చెప్పింది, నూట అరవై, కింద వంద, ఇది నిన్న మొన్నటిది కాదు, చాలా ఏళ్ల నుంచి ఉండి ఉంటుంది, మూత్రంలో ప్రొటీను కూడా కొంచెం పోతోంది, మీ కిడ్నీలు మీకే కావాలి సార్. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాడని తెలిసి సార్ అంది, తెలిసిన మనిషికి విడమర్చే పని లేదన్నట్టు అంతటితో ఆపి గోలీలు రాసిచ్చింది, ఈ రోజు నుంచే మొదలుపెట్టండి, ఒక్క రోజూ మానొద్దు అంది. బయటికొచ్చి మందుల షాపులో ఆ గోలీల అట్ట కొని జేబులో వేసుకున్నాక, నిలబడ్డ చోటే నిలబడిపోయాడు భూమేశ్. తలనొప్పి లేదు, కళ్లు తిరగవు, కాలేజీకి సైకిలు మీదే పోతాడు. మనిషికి తెలియకుండా లోపల ఇంత పని ఎట్లా జరుగుతుంది అని అనుకున్నాడు. అనుకుని, ఎట్లా జరుగుతుందో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేది నేనే కదా అనుకున్నాడు.

విసర్జన వ్యవస్థ పాఠం ఈసారి దసరా సెలవులు అయిపోగానే వచ్చింది. కిడ్నీ లోపల లక్షల కొద్దీ సన్నటి రక్తనాళాల ఉండలుంటాయి, ఒక్కో ఉండకు లోపలికొచ్చే నాళం ఒకటి, బయటికిపోయే నాళం ఒకటి. పుస్తకంలో వాటికి పెద్ద పెద్ద సంస్కృతం పేర్లున్నాయి గానీ భూమేశ్ ముందు మడి బొమ్మ గీస్తాడు, నీళ్లొచ్చే గండి ఇక్కడ, పోయే గండి అక్కడ, పోయే గండికి చారెడు మట్టి అడ్డం పెడితే మడిలో ఏమైతది అని అడుగుతాడు. నీళ్లు పెరుగుతయి సార్ అంటారు అందరూ, ఆ ఊళ్ల పిల్లలకు అది ఒకరు చెప్పే సంగతి కాదు. కిడ్నీలోనూ అంతే, ఆ మట్టి పెట్టేది ఒక హార్మోన్. వచ్చే నాళం పక్కనే కొన్ని కణాలు కాపలా ఉంటాయి, రక్తం ఒరవడి తగ్గిందనిపిస్తే రెనిన్‌ను వదులుతాయి, అది పోయి కాలేయం నుంచి వచ్చిన ఒక ప్రొటీను ముక్కను కోస్తుంది, ఆ ముక్క ఊపిరితిత్తుల్లోకి పోయి ఆంజియోటెన్సిన్‌గా మారుతుంది, అది ఒంట్లో నాళాలన్నిటినీ బిగిస్తుంది, అన్నిటికంటే ఎక్కువగా ఈ ఉండ నుంచి బయటికిపోయే నాళాన్ని. ఇంకో పక్క ఉప్పును బయటికి పోనీయొద్దని కబురు పోతుంది. బీపీ లేస్తుంది, ఉండలో ఒత్తిడి నిలబడుతుంది, వడకట్టే పని ఆగకుండా సాగుతుంది. మంచి ఏర్పాటే. నెత్తురు పోయినప్పుడు, నీళ్లు దొరకనప్పుడు ప్రాణం నిలబెట్టే ఏర్పాటు. ఇదంతా చెప్తూ అతను బోర్డు వైపు తిరిగే నిలబడ్డాడు, చాక్‌పీసు అరిగేదాకా గీతలు గీస్తూనే ఉన్నాడు, ఎందుకంటే ముందు బెంచీలో హారిక కూర్చుంది. హారిక అన్న కూతురు. ఇంట్లో కాకా అంటుంది, క్లాసులో సార్ అంటుంది, తండ్రి డయాలసిస్‌కు పోయిన రోజున కూడా కాలేజీ మానదు. ఆ రోజు లేచి నిలబడి, గొంతు ఏమీ మారకుండా అడిగింది, "సార్, మరి ఇగ చాలు అని దానికి ఎవరు చెప్తరు?"

గుండె, అన్నాడు భూమేశ్. గుండె పై గదులు రక్తం ఎక్కువై సాగినప్పుడు అవి ఇంకో హార్మోన్‌ను పంపుతాయి, అది వచ్చి నాళాలను వదులు చేస్తుంది, ఉప్పును పోనీయమంటుంది. గుండె చెప్తదా సార్ అని వెనక బెంచీలు నవ్వాయి, నవ్వే వయసు. హారిక నవ్వలేదు, రాసుకుంది. రాసుకుని తల వంచుకునే మళ్లీ అడిగింది, చెప్పినా వినకపోతే సార్ అని. బెల్లు కొట్టారు. బెల్లు కొట్టినందుకు ఎప్పుడూ అంత సంతోషపడలేదు అతను.

బస్సు ఊరు దాటింది. ఆడవాళ్లతో నిండిపోయి ఉంది, అందరివీ చార్జీ లేని జీరో టికెట్లే, కండక్టరమ్మ ఆధార్ కార్డులు తీసి పట్టుకోండ్రి అని అరుస్తూ మనుషుల మధ్య నుంచి ఈదుకుంటూ వస్తోంది. ఎవరి ఒళ్లోనో కోడిపిల్లల బుట్ట. తునికాకు వాసన, తంబాకు వాసన, బీడీలు అప్పజెప్పి వస్తున్నవాళ్లు వెనక సీట్లో ఎవరి కోడలు ముచ్చటో చెప్పుకుని నవ్వుతున్నారు. తమను కన్న అవ్వ దగ్గర ఇదే వాసన ఉండేది. అవ్వ కూడా బీపీతోనే పోయింది, చాటలో ఆకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఒక పక్కకు ఒరిగింది, నోరు వంకరపోయింది, పక్షవాతం అన్నారు, పసరు మందు పోయించారు. బీపీ అనే మాట ఆ ఇంట్లో అప్పటికి ఎవరి నోటా పడలేదు. ఇప్పుడు చూస్తే అది చెవుల పోగుల్లాగా, ముక్కు వంపులాగా అవ్వ నుంచి అన్నకూ తనకూ వచ్చిన ఆస్తి. బాపు అంతకు ముందే పోయాడు. వదినకు షుగరు, ఆమె కిడ్నీ పనికిరాదని ముందే తేల్చారు. మిగిలింది తనొక్కడే. ఇస్తానని తనే అన్నాడు, ఎవరూ అడగలేదు, అడగకుండా అందరూ అతని మొహం వైపు చూశారంతే. ఇంట్లో రాజశ్రీ సరే అంది, భర్త మాటకు ఎదురు చెప్పలేదు, కానీ ఆ రోజు నుంచి కూరలో ఉప్పు తగ్గించింది, ఇంక మాట్లాడదలుచుకోని మాటలన్నీ ఆ ఉప్పులోనే చెప్తున్నట్టు.

తాడ్వాయి దాటాక బస్సు మెల్లగయింది. వానాకాలం కోతలు, రోడ్డు మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు, అంచున బండరాళ్లు, రాళ్ల వెంట పరదాలు, మిగిలిన సగం రోడ్డులోనే అటు బండ్లూ ఇటు బండ్లూ. ఎదురుగా ధాన్యం లారీ వస్తుంటే డ్రైవరు పక్కకు ఆపి దానికి దారిచ్చాడు, వెనక ట్రాక్టరు హారన్ కొడుతోంది, దాని వెనక ఇంకేదో. దారి సన్నబడితే అంతే, బండ్లు ఆగవు, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఏళ్ల తరబడి బిగించుకునే ఉంటే నాళం గోడ మందమైపోతుంది, లోపలి దారి ఇట్లాగే సగమైపోతుంది, కిడ్నీకి రక్తం తక్కువొస్తుంది. అప్పుడు అసలు తమాషా మొదలవుతుంది. ఒంట్లో బీపీ ఆకాశమంత ఉన్నా కిడ్నీకి మాత్రం తన దగ్గరికొచ్చేదే కనపడుతుంది, నాకు తక్కువైంది అనుకుంటుంది, మళ్లీ రెనిన్ పంపుతుంది, మళ్లీ బిగింపు, నాళం ఇంకా మందం, ఇంకా తక్కువ, మళ్లీ కబురు. తనను చంపే ఒత్తిడిని తనే అడిగి తెప్పించుకుంటుంది, దానికి తెలియదు, దాని తప్పు కూడా కాదు. చిన్న ఉండలు ఒక్కొక్కటే మచ్చలు కట్టి మూసుకుపోతాయి, మిగిలినవి వాటి పని కూడా మీదేసుకుని ఇంకా తొందరగా పాడవుతాయి. నొప్పి ఉండదు. సగానికి పైగా పోయినా మనిషి అన్నం తింటాడు, పని చేస్తాడు, నవ్వుతాడు.

ఫోను మోగింది. వదిన. అన్న మేలుకుంటాడేమోనని భూమేశ్ ఒక చేత్తోనే తీసి చెవికి ఆనించుకున్నాడు. డాక్టరమ్మ ఏమన్నదని అడుగుతోంది, హైదరాబాదుకు ఎప్పుడు రమ్మన్నదని అడుగుతోంది, వెనక కుక్కరు కూత. బస్సులో ఉన్నా వదినా, సరిగ్గా వినిపిస్తలేదు, వచ్చి చెప్తా అన్నాడు. మంచిగనే అన్నదా అని ఒక్క మాట అడిగింది ఆమె, అది మాత్రం గట్టిగా, స్పష్టంగా వినిపించింది. వచ్చినంక చెప్తా వదినా అనే అన్నాడు మళ్లీ. ఆయనకు చలి పెడతదేమో, కిటికీ మూయి అందామె. మూశాడు. అద్దం మీద దుమ్ములో ఎవరో వేలితో గీసిన పువ్వు బొమ్మ ఉంది.

మంచిగనే అంటే ఫిట్ అనే. ఆ మాట ఎప్పటిది. భూమేశ్ డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు అన్నకు మస్కట్ వీసా వచ్చింది, హైదరాబాదులో మెడికల్ పరీక్షకు పోతుంటే తోడు వెళ్లాడు. అంతకు ముందు ఏజెంటు ఊళ్లోనే బీపీ చూపించి, ఇంత బీపీతో పోతే అన్‌ఫిట్ రాస్తరు, పాస్‌పోర్టు తిప్పి మొకాన కొడ్తరు అన్నాడు. అప్పుడు దేవయ్య బావ అందుకున్నాడు, పదేళ్లు అక్కడ ఉండి వచ్చినవాడు, ఊళ్లో గల్ఫ్ పోయేవాళ్లందరికీ ఆయనే దారి చూపేది. వారం ముందు నుంచి పొద్దుకో బీపీ గోలి, మాంసం బంద్, కల్లు బంద్, పడిగడుపున ఎల్లిపాయలు నమలాలి, మజ్జిగ తాగాలి. లాడ్జి గదిలో రాజంపేట వాళ్లు, బీబీపేట వాళ్లు, అందరూ ఎల్లిపాయలు నములుతుంటే కిటికీ తెరిచినా వాసన పోలేదు. లైన్లోకి పోయే ముందు దేవయ్య బావ అన్న చెవిలో నర్సు మొకం జూడకురా, బీపీ ఎక్కుతది, నీ పెండ్లాన్ని యాది జేస్కో, దిగుతది అన్నాడు, అన్న నవ్వాపుకోలేక లోపలికి పోయాడు. సాయంత్రానికి ఫిట్ అని వచ్చింది. ఇరానీ హోటల్లో ఛాయ్ తాగారు. అన్న బిస్కట్టు ముంచుకుంటూ, పోయింది తమ్మీ బీపీ, ఆ మిషనే చెప్పింది గదా అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు. మోసం చేశాననుకోలేదు, నయమైందనుకున్నాడు. అంత పెద్ద అద్దాల బిల్డింగులో, తెల్లకోట్లు వేసుకున్నవాళ్లు, గుద్దిన ముద్ర, అది అబద్ధం ఎట్లా అవుతుంది. లాడ్జిలో మిగిలిన గోలీలు పక్క మంచం వాళ్లకు ఇచ్చేశాడు.

ఆ తర్వాత సెలవుకు వచ్చినప్పుడల్లా అదే. కొత్త వీసా, మళ్లీ వారం ఎల్లిపాయలు, వారం గోలీలు, మళ్లీ ఫిట్. మస్కట్‌లో కూలీలుండే క్యాంపులో గోలీలు పెట్టుకోకూడదు, ఫోర్‌మన్ చూశాడంటే రోగిష్టి అని పంపించేస్తాడు, ఎవరినో అట్లా పంపించారట, ఆ ఎవరో ఎవరో ఎవరికీ తెలియదు గానీ అందరికీ భయం. ఎండలో సెంట్రింగు పలకల పని, మూత్రశాల దూరమని నీళ్లు తక్కువ తాగడం, నడుం నొప్పికి సూపర్‌మార్కెట్లో దొరికే నొప్పి గోలీలు. నీళ్లు తగ్గితే లోపల కాపలా కణాలు ఏం చేస్తాయి, రెనిన్ పంపుతాయి. నొప్పి గోలీలు ఏం చేస్తాయి, లోపలికొచ్చే నాళాన్ని కూడా నొక్కేస్తాయి. పోయే గండికీ మట్టి, వచ్చే గండికీ మట్టి. ఇటు నుంచి ఇల్లు కబురు పంపుతూనే ఉంది, ఇంకొక్క వీసా, స్లాబు పడాలంటే ఇంకొక్కటి, తమ్ముడి ఎమ్మెస్సీ అయ్యేదాకా ఇంకొక్కటి, బోరు ఎండిపోయింది ఇంకొక్కటి. ఇక్కడ తక్కువైనట్టే కనపడేది ఎప్పుడూ. అడిగినప్పుడల్లా అక్కడ ఒక మనిషి ఇంకొంచెం బిగించుకున్నాడు. ఆ కబురు పంపినవాళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కారు, కిడ్నీలో కాపలా కణాల్లాగే, తమ దాకా వచ్చేది చూసుకుని అడిగారు. భూమేశ్‌కి కళ్లు మండాయి. దుమ్మే, అద్దం సరిగ్గా మూసుకోలేదు.

జేబులోని అట్ట ఛాతీకి తగులుతోంది. ఈ గోలి ఏం చేస్తుందో దేవయ్య బావకు తెలియదు, భూమేశ్‌కి తెలుసు, అదే చిక్కు. ఇది పోయి ఆంజియోటెన్సిన్‌ను పని చేయనీయకుండా ఆపుతుంది, బయటికిపోయే నాళం వదులవుతుంది, ఉండలో ఒత్తిడి దిగుతుంది, ప్రొటీను పోవడం తగ్గుతుంది. నెల మింగితే బీపీ దిగొచ్చు, మూత్రం కూడా బాగుందని రావచ్చు. ఇంకో ఊళ్లో, ఇంకో దవాఖానలో, గోలీలేమైనా వాడుతున్నావా అని అడిగితే లేదు అనాలి, ఒక్క మాట, అంతే. ఎల్లిపాయలు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత. ఒక్క కిడ్నీ రెండింటి పని చేయాలి, ఉన్న బీపీకి తోడు ఆ బరువు. ఎన్నేళ్లకో తనకూ ఒక మిషను, తనకూ చేతిలో ఒక తుమ్మెద, ఇదే బస్సులో పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకునేది చరణ్, ఇప్పుడు ఎల్‌కేజీలో పలక మీద తన పేరు తప్పుగా రాస్తున్న తన కొడుకు. ఇచ్చిన కిడ్నీ అన్న ఒంట్లో ఎంతకాలం ఉంటుందో అదీ తెలియదు, అప్పటికే మచ్చలు పడి ఉంటే. తెలిసీ ఎట్లా ఇవ్వడం. తెలిసీ ఎట్లా ఇవ్వకపోవడం. ఆ ఎమ్మెస్సీ లేకపోతే ఈ తెలివి ఎక్కడిది, ఆ ఎమ్మెస్సీ ఎవరి ఒంట్లోంచి వచ్చింది. అలసిపోయాడు భూమేశ్. వారానికి రెండుసార్లు ఈ బస్సు, ప్రిన్సిపాలును సెలవు అడగడం, అడిగినప్పుడల్లా కాంట్రాక్టు ఉద్యోగమని గుర్తు చేయించుకోవడం, దవాఖాన బెంచీ, మళ్లీ ఈ బస్సు. అన్న చెయ్యి మోయలేనంత బరువేమీ లేదు, అయినా అరచెయ్యి తిమ్మిరెక్కింది. తీయలేదు.

లింగంపేటలో సగం మంది దిగారు. కోడిపిల్లలు కూడా దిగిపోయాయి. గాలి ఆడింది. అన్న కదిలాడు, కళ్లు తెరవకుండానే ఎక్కడికొచ్చాం అని అడిగాడు, భూమేశ్ చెప్పాడు. అన్న నాలుకతో పెదాలు తడుపుకుని కాళ్ల దగ్గరి సంచిలోంచి సీసా తీశాడు. అన్నకు రోజు మొత్తానికి ఆ చిన్న సీసాడు నీళ్లే, ఒక్క గుక్క ఎక్కువైనా అది పోయే దారి లేదు, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. హారిక దానికి తన జడకు పెట్టుకునే ఎర్ర రబ్బరు బ్యాండు తొడిగింది, ఇంటికొచ్చేసరికి నీళ్లు ఆ బ్యాండు కిందికి దిగకూడదని. దిగితే తండ్రితో మాట్లాడదు. అన్న సీసాను వెలుగుకు పట్టి చూశాడు, నీళ్లు సరిగ్గా బ్యాండు దగ్గరే ఉన్నాయి. మూత తీయలేదు. సీసాను చెంపకు ఆనించుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత భూమేశ్ జేబు వైపు చూశాడు.

"ఏందిరా గది, ఇందాకటి సంది చెవుల గలగల అంటున్నది. నిద్ర వట్టనిస్తలేదు."

తలనొప్పి గోలీలు అన్నాడు భూమేశ్. అన్న రెండు వేళ్లతో అట్ట బయటికి లాగాడు, దాని మీద పేరు చదవలేడు, చదవాల్సిన పని కూడా లేకపోయింది. కిడ్నీలు పోయినయని తెలిసిన కొత్తలో అతనికీ ఇవే రాశారు, అప్పటికే ఆలస్యమైపోయింది, కొన్నాళ్లకు ఆపేశారు. అట్టను అటూ ఇటూ తిప్పాడు, ఒక్క గోలీ కూడా తీసి లేదని చూసుకున్నాడు.

"ఎంతున్నది?"

అబద్ధం చెప్పడానికి భూమేశ్ దగ్గర ఒక్క క్షణం ఉంది, ఆ క్షణంలో బస్సు మలుపు తిరిగింది. నూట అరవై అన్నాడు. కింద వంద అన్నాడు. అన్న తల ఊపాడు, వడ్ల ధర చెప్తే విన్నట్టు. రోడ్డు పక్క ఒకామె వడ్లను కాలితో చాలు తీస్తోంది, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, బస్సు ఆమెను దాటి పోయేదాకా అన్న ఆమె వైపే చూశాడు. తర్వాత మెల్లగా నవ్వి, "దేవయ్య బావకు ఫోన్ జెయ్యి మరి, ఎల్లిపాయలు తెస్తడు" అన్నాడు.

నవ్వు రాలేదు భూమేశ్‌కి. ఆపుకోలేక మొత్తం చెప్పేశాడు, గొంతు తగ్గించి, వెనక సీటు వాళ్లు వింటారేమోనని. డాక్టరమ్మ వద్దన్నది, అయినా దారి ఉంది. "ఒక్క నెల మింగుత అన్నా. ఇంకో దవాఖానకు పోత. నాకేం లేదని చెప్త. వాళ్లు ఫిట్ అనే అంటరు."

"నన్ను గూడ అన్నరు గద తమ్మీ," అన్నాడు లింబాద్రి. "నాలుగుసార్లు అన్నరు."

కోపంతో అనలేదు, ఎవరినీ తప్పు పట్టి అనలేదు, ఉన్నది చెప్పాడు. భూమేశ్ ఇంకా ఏదో అనబోయాడు, ఆ గోలి అప్పటి గోలి లాంటిది కాదు, ఇది వేరేగా పనిచేస్తుంది, నేను చదివాను, ఇట్లాంటివి నోటి దాకా వచ్చాయి. అన్న పట్టీ ఉన్న చెయ్యి ఎత్తి భూమేశ్ మోకాలు మీద పెట్టాడు. "చాలు. ఇగ చాలు," అన్నాడు. ఆ ఇంట్లోకి ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ తేలేదు. మస్కట్ నుంచి అన్న ఒక్కసారి కూడా అనలేదు, ఇక్కడి నుంచి ఎవరూ అననివ్వలేదు, అవ్వ చాట ముందు కూర్చుని అనుకుని ఉంటుంది గానీ బయటికి అనకుండానే ఒరిగిపోయింది. ఎవరు చెప్తరు సార్ అని అడిగింది హారిక. మోకాలు మీద అన్న చెయ్యి గుయ్యిమంటూనే ఉంది.

లింబాద్రి అట్ట మీద బొటనవేలితో నొక్కాడు. మిషను మీది నుంచి వచ్చిన చేతికి బలం లేదు, రెండుసార్లు జారింది, మూడోసారి రేకు చిరిగి గోలి అరచేతిలో పడింది. దాన్ని భూమేశ్ చేతిలో పెట్టాడు. సీసా మూత తీసి ఇచ్చాడు.

"అవి నీ నీళ్లన్నా."

"నాయే. నీకు ఇస్తున్న. ఒట్టిగ మింగితే గొంతుల పడ్తది."

వద్దు, ఇంటికి పోయి వేసుకుంటా అన్నాడు భూమేశ్. ఇంటికి పోతే వేస్కోవు, నాకెరుక, నేనూ గట్లనే అనుకునేటోన్ని అన్నాడు అన్న, అని సీసాను ఇంకొంచెం దగ్గరికి జరిపాడు. భూమేశ్ గోలిని నాలుక మీద వేసుకుని సీసా ఎత్తాడు. చెంపకు ఆనించుకున్నందుకు నీళ్లు వెచ్చగా ఉన్నాయి. వీలైనంత చిన్న గుక్క తాగాడు, గోలి దిగలేదు, ఇంకో గుక్క తాగాల్సి వచ్చింది, అన్న కళ్లు అతని గొంతు మీదే ఉన్నాయి, దిగేదాకా చూశాడు. తను ఏడాది నుంచి తాగని ఒక నిండు గుక్కను తమ్ముడి గొంతులో చూసినట్టు చూశాడు.

సీసాలో నీళ్లు బ్యాండుకు వేలెడు కిందికి దిగాయి. అన్న దాన్ని వెలుగుకు పట్టి చూసి, ఎర్ర రబ్బరు బ్యాండును గోటితో మెల్లగా కిందికి జరిపి నీళ్ల అంచుకు సరిగ్గా నిలబెట్టాడు. "గీ ఒక్క దొంగలెక్క నడుస్తది. పిల్లకు చెప్పకు," అన్నాడు.

ఎల్లారెడ్డి వచ్చేసింది. రైస్‌మిల్లు గొట్టం, కొత్త పెట్రోలు బంకు, బస్టాండు ముందు ఆటోల వరస. అందులోంచి వదిన బయటికొచ్చి బస్సు కిటికీలన్నీ వెతుక్కుంటోంది, చేతిలో అన్నకు కప్పడానికి తెచ్చిన శాలువా. ఆమెకు చెప్పాల్సిన మాట ఇంకా భూమేశ్ నోట్లోనే ఉంది, అది గోలి లాగా దిగలేదు. కిడ్నీ దొరుకుతుందని ఆమె పెట్టుకున్న ఆశంతా తన మీదే. ఇక సర్కారు లిస్టులో పేరు రాయించాలి, ఎవరో చనిపోతే, వాళ్ల ఇంటివాళ్లు సరే అంటే, అప్పుడు. అందాకా ఈ మిషను, ఈ బస్సు, ఈ సీసా. లేవబోతుంటే అన్న అతని భుజం పట్టుకుని ముందు తనే లేచాడు, రాడ్డును ఎడమచేత్తో పట్టుకుని, మనిషి ఊగుతూ.

"నువ్వు మాట్లాడకు. అనిలకు నేను చెప్త," అన్నాడు. వదిన పేరు అది, పది మందిలో అన్న ఆమెను పేరుతో పిలవగా భూమేశ్ ఎన్నడూ వినలేదు.

అన్న ముందు దిగాడు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి. వెనక సంచి పట్టుకుని భూమేశ్ నిలబడ్డాడు, జేబులో అట్ట, దానికి ఒక చిల్లు. రేపు పొద్దున ఇంకోటి వేసుకోవాలి. ఎల్లుండి ఇంకోటి. ఏ పరీక్షా లేని రోజు, ఎవరూ ఫిట్ అనని రోజు కూడా.